ఎనిమిది వందల యాభై ఎనిమిది కిలోమీటర్లు

మీటరుకు నోరు లేదు, కాబట్టి దానికి అబద్ధం రాదు. ఇది ఆయన సిద్ధాంతం. ఇరవై ఆరేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి నీటి మీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగం ఆయనది. గుంటలోకి వంగి, మూత తీసి, అద్దం మీది మట్టి జేబురుమాలుతో తుడిచి, టార్చి వేసి, అంకెలన్నీ పైకి చదివి మరీ రాస్తాడు. "మేమిన్ని నీళ్ళు వాడలేదండీ" అని ఇంటివాళ్ళు మొత్తుకుంటే, "నేను చెప్పడం లేదమ్మా, అది చెబుతోంది" అని మీటరు వైపు వేలు చూపిస్తాడు. ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఎదురుగా ఉంటే రీడింగు గారు, పక్కకు తిరిగితే రీడింగు. అందులో వెటకారం పాలెంతో మర్యాద పాలెంతో ఆయన ఎన్నడూ లెక్క వేసుకోలేదు. మొత్తం మర్యాదే అనుకుని సుఖంగా ఉన్నాడు.

అంతటి మనిషి మోటారుసైకిలు మీద స్పీడోమీటరు ఎనిమిది నెలలుగా చచ్చి పడి ఉంది. ముల్లు సున్నా దగ్గరే నిద్రపోతోంది. తిరిగిన దూరం చూపించే అంకెలు అరవై ఒక్క వేల నాలుగు వందల ఏడు దగ్గర ఆగిపోయి, బండి ఎక్కడికెళ్ళినా కదలకుండా కూర్చున్నాయి. ఊరి మీటర్లన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే మనిషికి సొంత మీటరు చూసుకునే తీరిక లేకపోయింది. గురివింద గింజ సామెత ఆయన ఉద్యోగంలో చేరకముందే పుట్టింది గానీ, ఆయన కోసమే పుట్టినట్టుంటుంది.

సోమవారం బండిని ఏడాది తనిఖీకి తీసుకెళ్ళాలి. స్పీడోమీటరు పనిచెయ్యకపోతే అక్కడ ముద్ర వెయ్యరు. అందుకని శనివారం సాయంత్రం మెకానిక్కు దగ్గరికి తోలుకెళ్ళాడు. మెకానిక్కు ముందు చక్రం దగ్గర కేబుల్ ఊడదీసి, వేళ్ళతో తిప్పి చూసి పెదవి విరిచాడు.

"కేబుల్ బాగానే ఉంది సార్. మీటరు లోపల పళ్ళు అరిగిపోయాయి. మొత్తం మార్చెయ్యాలి. కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది. మీ బండి మళ్ళీ పసిపిల్ల."

"సున్నా ఏమిటయ్యా? అరవై వేల పైన తిరిగిన బండి ఇది. జుట్టుకు రంగేసుకోవడం వేరు, పుట్టిన తేదీ మార్చుకోవడం వేరు. ఎంత తిరిగిందో అంత అంకె పెట్టాలి."

మెకానిక్కు స్పానరు కింద పెట్టి, బండిని వదిలేసి మనిషిని పరీక్షగా చూశాడు. "తగ్గించమని వచ్చేవాళ్ళు నెలకు నలుగురైనా ఉంటారు. పంపించేస్తాననుకోండి. పెంచమని వచ్చినవాణ్ణి మాత్రం మిమ్మల్నే చూశాను."

"పెంచమనడం లేదు. ఉన్నది ఉన్నట్టు పెట్టమంటున్నాను."

"సరే సార్, పెడతాను. బిగించే ముందు వెనక రేకు విప్పి సూదితో ఒక్కో చక్రం తిప్పి పెట్టొచ్చు. అంకె మాత్రం ఖాయం చేసుకుని రండి. ఒకసారి రేకు నొక్కి మూశానంటే మళ్ళీ విప్పను, అద్దం లోపల చెమ్మ చేరుతుంది. మీటరు రేపు పొద్దున్నకి తెప్పిస్తా." అని, వెళ్ళబోతున్నవాణ్ణి ఆపి అమాయకంగా అడిగాడు. "ఇంతకీ ఉన్నది ఎంత?"

ఆగిపోయిన అంకె రీడింగుకు తెలుసు. ఆగిపోయాక తిరిగింది ఎంతో ఎవరికీ తెలియదు.

అయితే ఆయన వృత్తిలో దీనికో మందుంది. ఇంటికి తాళం వేసి ఉంటే మీటరు చూడటం కుదరదు. అప్పుడు పుస్తకంలో 'తలుపు తాళం' అని రాసి, అంతకు ముందు మూడు నెలల వాడకం కూడి, మూడుతో భాగించి, ఆ సగటునే ఈ నెల వాడకంగా వేస్తారు. ఇంట్లో వాళ్ళు నెలంతా ఊళ్ళో లేకపోయినా సరే, పుస్తకం ప్రకారం వాళ్ళు స్నానం చేసినట్టే. రీడింగు ఇంటికొచ్చి, సర్వీసింగు చీటీలు వెతికి, మీటరు ఆగకముందు మూడు నెలల లెక్క తీశాడు. నాలుగు వందల పన్నెండు, మూడు వందల తొంభై ఎనిమిది, నాలుగు వందల ఇరవై. సగటు నాలుగు వందల పది. ఎనిమిది నెలలకు మూడు వేల రెండు వందల ఎనభై. పాత అంకెకు కలిపితే అరవై నాలుగు వేల ఆరు వందల ఎనభై ఏడు. కింద రెండు గీతలు గీశాడు. తన సొంత బండికి తనే తలుపు తాళం వేసి సగటు కట్టిన మీటరు రీడరు ప్రపంచంలో ఇంకొకడు ఉండడని ఆయనకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే అదీ గొప్పగానే చెప్పుకునేవాడు.

భోజనాల దగ్గర భార్యకు చెప్పుకున్నాడు కూడా. మెకానిక్కు ఎంత ఆశ్చర్యపోయాడో, తను ఏమన్నాడో, జుట్టు రంగు మాటతో సహా వినిపించాడు. ఆవిడ ఒక పెద్ద సరుకుల దుకాణంలో క్యాషియరు. రోజుకు మూడు వందల చీటీలు చేతిలోంచి పోతాయి. కూడికలో తప్పుంటే చూడకుండానే ఆవిడ చెయ్యి ఆగుతుంది. ఇప్పుడు ముద్ద దగ్గర ఆగింది.

"లెక్క తప్పండీ."

"సగటు చూడు, సరిగ్గా ఉంది."

"సగటు సరిగ్గానే ఉంది. ఆదివారాలేవీ? బావగారికి చెయ్యి పడిపోయింది మీటరు ఆగడానికి కాస్త ముందేగా. అంతకు ముందు మీరు ఆయన దగ్గరికి ఆర్నెల్లకోసారి వెళ్ళేవారు. ఇప్పుడు వారం వారం వెళ్తున్నారు. పోను పంతొమ్మిది, రాను పంతొమ్మిది, ముప్పై ఎనిమిది." ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగింది. "మీటరు ఆగాక ముప్పై మూడు ఆదివారాలు. పన్నెండు వందల యాభై నాలుగు కలపండి. అరవై అయిదు వేల తొమ్మిది వందల నలభై ఒకటి. ఇంత నిజాయితీకి పోయి పన్నెండు వందలు మర్చిపోతే ఎలా?"

ఆవిడ మెచ్చుకోలుగానే అంది. రీడింగు మాత్రం తేలు కుట్టిన దొంగలా మంచినీళ్ళు తాగి, "నిజమే సుమా" అన్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ముప్పై మూడు ఆదివారాల్లో ఒక్కసారి కూడా ఆయన అన్నగారింటికి వెళ్ళలేదు.

అన్నగారు టైలరు. బట్ట మీద సుద్దముక్కతో గీత గీస్తే మళ్ళీ చెరపక్కర్లేని చెయ్యి. రీడింగు పుట్టి బుద్ధెరిగాక వేసుకున్న ప్యాంట్లన్నీ ఆ చేతివే. తొమ్మిది నెలల కిందట పక్షవాతం వచ్చి, నోరూ కాలూ తిరిగొచ్చాయి గానీ కుడిచెయ్యి రాలేదు. వదిన ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. పొద్దున ఒకావిడ వచ్చి వంట చేసి, ఇల్లు ఊడ్చి వెళ్తుంది. మిగతా రోజంతా ఆ గదిలో ఆయన, ఆయన కుట్టుమిషనూ.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారం రీడింగు నిజంగానే వెళ్ళాడు. అన్నగారు ఉత్సాహంగా, "చూడరా, ఎడం చేత్తోనైనా గుండీ కుట్టేస్తా" అని సూది పట్టుకున్నాడు. సూది మోకాళ్ళ మధ్య ఇరికించి, దారం నోటితో తడిపి, అరగంటసేపు ప్రయత్నించాడు. చివరికి సూది తమ్ముడి ముందుకు జరిపి, "నువ్వు ఎక్కించు" అన్నాడు. రీడింగు ఒక్కసారికే ఎక్కించాడు. అన్నగారు ఆ సూదిని చూస్తూ ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం రీడింగు తట్టుకోలేకపోయాడు. పనుందని అబద్ధమాడి లేచొచ్చాడు. ఆ రోజు తిరుగుదారిలోనే మీటరు ఆగిపోయింది.

తరువాతి ఆదివారం కూర డబ్బా పట్టుకుని బయల్దేరాడు. ఆరు కిలోమీటర్ల దగ్గర మలుపులో ఒక టీ కొట్టు ఉంది. గుండె దిటవు చేసుకుందామని అక్కడ ఆగాడు. రెండు టీలు తాగినా గుండె దిటవు కాలేదు. డబ్బా విప్పి, టీ కొట్టువాడూ తనూ సగం సగం తినేసి, ఖాళీ డబ్బా కొళాయి కింద కడిగి, సాయంత్రానికి ఇంటికొచ్చాడు. ఖాళీ డబ్బా చూసి భార్య సంతోషించింది. ఆవిడకు ఆదివారం దుకాణంలో ఊపిరాడదు, సెలవు రోజు ఇంటి పనికే చాలదు. అందుకే వారం వారం వండి పంపుతోంది. ఈ ఆదివారం తప్పకుండా వెళ్తానని ఆయన ప్రతి ఆదివారం నిజంగానే అనుకునేవాడు. ప్రతి ఆదివారం ఆ మలుపు దగ్గర బండి దానంతటదే ఆగినట్టు ఆగేది. అన్నగారి కూరతో ఆయనకు ఈ ఎనిమిది నెలల్లో పొట్ట కూడా వచ్చింది. ఆ పొట్ట మీద ప్యాంటు బిగుసుకుంటే, వదులు చేసి ఇచ్చే మనిషి దగ్గరికే వెళ్ళలేకపోయాడు.

మీటరు బాగుచేయించకపోవడానికి తీరిక లేదనడం కూడా అబద్ధమే. అది బతికుంటే వారానికి పన్నెండు కిలోమీటర్లే చూపించేది. చచ్చిన మీటరు ఆయనకు హాయిగా ఉంది.

ఆ రాత్రి పడుకుని లెక్క వేశాడు, అలవాటు ఎక్కడికి పోతుంది. పోను ఆరు, రాను ఆరు, ముప్పై మూడు వారాలకు మూడు వందల తొంభై ఆరు. అదీ నిజం. భార్య చెప్పింది పన్నెండు వందల యాభై నాలుగు. తేడా ఎనిమిది వందల యాభై ఎనిమిది. మామూలు మనుషులు అబద్ధాలాడితే ఎంత పెద్దదో ఎవరికీ తెలియదు. తనది కిలోమీటర్లతో సహా తేలిందని ఆయనకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఏదీ పూర్తిగా రాక నిద్రపోయాడు.

ఆదివారం పొద్దున బండికి డబ్బా తగిలించుకుని మెకానిక్కు దగ్గరికెళ్ళి, జేబులోంచి చీటీ తీసిచ్చాడు. మెకానిక్కు కొత్త మీటరు వెనక రేకు అప్పటికే విప్పి, సూది పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూడు అంకెలున్నాయేమిటి సార్? మొదటిది?"

"మా ఆఫీసు పద్ధతి."

"చివరిది?"

"మా ఆవిడ నమ్మకం."

"మధ్యది?"

"నిజం."

మెకానిక్కు నవ్వలేదు. "నాకేముంది సార్, ఏది చెబితే అది తిప్పుతా. తొందరగా చెప్పండి, ఆదివారం ఒక్క పూటే పని మాకు."

రీడింగు బల్ల మీద కూలబడ్డాడు. కక్కలేక మింగలేక ఉన్నాడు. చివరి అంకె పెట్టించుకుంటే ఇంట్లో పరువు నిలుస్తుంది. లోకంలో మోసగాళ్ళు తిరిగిన దూరాన్ని దాచిపెడతారు. తను తిరగని దూరాన్ని ఎక్కించుకోబోతున్నాడు. మోసంలో కూడా ఎదురునడకే. పోనీ మధ్య అంకె పెట్టించి, ఆవిడ చూసేలోపు ఎనిమిది వందల యాభై ఎనిమిది కిలోమీటర్లు తిరిగేస్తే? రేపు పొద్దున తనిఖీ. తెల్లారేదాకా ఇంటి చుట్టూ గిరగిరా తిరిగినా పూర్తవదు. పైగా ఎందుకు తిరుగుతున్నారని ఇరుగుపొరుగు అడిగితే, అన్నయ్య దగ్గరికి వెళ్తున్నానని చెప్పాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తల పట్టుకున్నాడు. ఉండబట్టలేక మెకానిక్కుకే మొత్తం చెప్పేశాడు, సూదీ దారం దగ్గర్నుంచి టీ కొట్టు దాకా.

మెకానిక్కు సూదితో చెవి గోక్కుంటూ విన్నాడు. "పంతొమ్మిది కిలోమీటర్లంటే ఎంతసేపు సార్, నలభై నిమిషాలు. నాకిది చెప్పడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది మీకు."

రీడింగు చీటీలో మధ్య అంకె మీద వేలు పెట్టాడు. మెకానిక్కు ఒక్కో చక్రం తిప్పి, ఆరు, అయిదు, సున్నా, ఎనిమిది, మూడు అని పైకి చదివి, రేకు నొక్కి మూసేశాడు.

బండి కదలగానే ముల్లు లేచింది. ఎనిమిది నెలల తరువాత ముల్లు లేవడం చూసి రీడింగుకు ఎవరో పక్కన కూర్చుని రాసుకుంటున్నట్టు ఇబ్బందిగా అనిపించింది. జన్మలో మొదటిసారి, తను వాకిట్లో నిలబడినప్పుడు ఇంటివాళ్ళు ఎందుకలా ముఖం పెడతారో అర్థమైంది. మలుపు దగ్గర టీ కొట్టువాడు చెయ్యెత్తి, పక్కకు జరిగి బల్ల మీద చోటు కూడా చేశాడు. డబ్బా కోసం పొద్దుట్నుంచి ఏమీ తినకుండా ఉన్నాడేమో పాపం. రీడింగు కూడా అలవాటుగా వేగం తగ్గించాడు. కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. తిట్టుకుని కాలు తీసేశాడు. వెళ్ళి ఏం చెప్పాలో తెలియదు. క్షమించమనాలా, జ్వరమొచ్చిందనాలా, ముప్పై మూడు వారాలు ఏ జ్వరముంటుంది. అన్నయ్య తలుపు తియ్యకపోతే? తీసి, ఎవరు కావాలి అంటే? అంతకన్నా ఏమీ అనకుండా ఆ చూపే చూస్తే? దారి పొడుగునా భయపడుతూనే వెళ్ళాడు గానీ, వెళ్ళాడు.

తలుపు తెరిచే ఉంది. అన్నగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. తమ్ముణ్ణి చూసి లేవలేదు, ఆశ్చర్యపోలేదు.

"వచ్చావా. డబ్బా అక్కడ పెట్టు. ఇవాళేం కూర?"

"అన్నయ్యా, నేను ఇన్నాళ్ళూ..."

"తెలుసులేరా. నీ పెళ్ళాం ప్రతి సోమవారం ఫోన్ చేస్తుంది."

రీడింగు డబ్బా పెట్టబోయి ఆగాడు. "చేస్తుందా? ఏమడుగుతుంది?"

"ఏమడుగుతుంది, కూర బాగుందా బావగారూ అంటుంది. బాగుందమ్మా అంటాను. మొదటిసారి నాకర్థం కాలేదు. ఏ కూర అనబోయి ఆగాను. వాడెక్కడో ఇరుక్కున్నాడు, నేను ఏ మాటంటే ఎటు పోతుందోనని, అద్భుతంగా ఉందన్నాను. ఎప్పుడూ అద్భుతమంటే నమ్మదని ఒకసారి ఉప్పు తక్కువైందన్నాను."

రీడింగుకు గుర్తొచ్చింది. వేసవిలో ఆరు వారాలు కూర ఉప్పు కషాయంలా ఉండి, టీ కొట్టువాడు కూడా మొహం చిట్లించాడు. "అది నువ్వా?" అన్నాడు.

"ఆ తరువాత పెద్ద తలనొప్పయింది. మీ తమ్ముడు ఏం చేశారని అడుగుతుంది. కూర్చుని వెళ్ళాడంటే బాగుండదు. కొళాయి కారుతుంటే బాగుచేశాడన్నాను. బల్బు మార్చాడన్నాను. కిటికీకి తెర కట్టాడన్నాను. వారం వారం నిన్ను మంచివాణ్ణి చెయ్యలేక చచ్చాననుకో. ఆఖరికి ఏమీ తోచక పేపరు చదివి వినిపిస్తాడని కూడా చెప్పాను."

రీడింగు గది చుట్టూ చూశాడు. కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. కిటికీకి తెర లేదు. తను చేసిన మంచి పనులన్నీ అలాగే మిగిలి ఉన్నాయి. ముప్పై మూడు వారాలు తను ఒక అబద్ధం మోస్తున్నాననుకున్నాడు. దానికి రెండో కొస ఇక్కడ, ఒంటి చేత్తో, ఈ మనిషి మోశాడు. సిగ్గుతో ఆయనకు కళ్ళు మండాయి.

"ఎందుకు చెప్పావన్నయ్యా? రాలేదని చెప్పెయ్యాల్సింది."

"చెబితే నువ్వు తిట్లు తిని మర్నాడే వచ్చేవాడివి. అలా వచ్చినవాడితో నేనేం మాట్లాడను?" అన్నగారు కిటికీ బయటికి చూశాడు. "చిన్నప్పుడు నాకు దెబ్బ తగిలితే నువ్వు మంచం కింద దూరేవాడివి. అమ్మ నాకు కట్టు కట్టి, నిన్ను వెతుక్కునేది. నీకిప్పుడు యాభై దాటినా అంతే. నువ్వు రాకపోవడం కోపం తెప్పించింది, లేదనను. నాలుగైదు వారాలు తిట్టుకున్నాను కూడా. తరువాత ఆదివారమైతే చాలు, బయట ఏ బండి ఆగినా నువ్వే అనుకునేవాణ్ణి."

రీడింగు ఏడ్చాడు. ఎక్కడా ఆపుకోకుండా, ముక్కు తుడుచుకుంటూ, పొట్ట ఊగేలా ఏడ్చాడు. అన్నగారు ఆపమనలేదు. ఏడుపు దానంతటదే తగ్గాక ఎడంచెయ్యి ముందుకు చాపాడు.

"ఒకటి మాత్రం చెప్పకుండా ఉండాల్సింది. గోళ్ళు కూడా నువ్వే కత్తిరిస్తావని చెప్పాను."

చచ్చిన కుడిచేతి గోళ్ళు నున్నగా ఉన్నాయి. వాటిని ఎడంచెయ్యి చూసుకుంటోంది. ఎడంచేతి గోళ్ళు కత్తిరించే చెయ్యి లేదు. అవి పెరిగి, విరిగి, కిటికీ గట్టు సిమెంటుకు రాసి అరగదీసిన గీతలతో ఉన్నాయి. బతికున్న చెయ్యే దిక్కులేనిదై ఉంది. రీడింగు చాలాసేపు చూశాడు, ఈసారి లేచి వెళ్ళలేదు. నెయిల్ కట్టరెక్కడుందని అడిగి, సొరుగులోంచి తెచ్చి, అన్నగారి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఆ చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు.

ఎవరి గోళ్ళూ ఎప్పుడూ కత్తిరించి ఎరగడు. బొటనవేలికే కొంచెం లోతుగా పడింది, చిన్న నెత్తురు చుక్క లేచింది. అన్నగారు స్స్ అన్నాడు గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మెల్లిగా కానియ్యి. ఇంకా నాలుగున్నాయి," అన్నాడు.